కప్పెక్కి పిలిచిన పేరు

"నాయనమ్మ అంగీ తీసింది నేనే."

ఈ ఒక్క మాట యూలీ చలికాలమంతా ఎవరితోనూ అనలేదు. ఎవరా యూలీ అంటావా? ఇలా జరుగు, చెప్తాను.

అనగనగా, ఎన్ని వందల ఏళ్ళ కిందటో, చీనా దేశంలో, పసుపు రంగు నీళ్ళు పారే నది పక్కన ఒక ఊళ్ళో యూలీ అని పన్నెండేళ్ళ పిల్ల ఉండేది. అమ్మా నాన్నా లేరు. నాయనమ్మ ఉంది, మేనత్త ఉంది. ఎండాకాలం ముగ్గురూ పట్టుపురుగులకి ఆకు వేసేవాళ్ళు. చలికాలం వస్తే నది గడ్డకట్టేది. అప్పుడు మంచు పగలగొట్టి నీళ్ళు తేవడం యూలీ పని. పాపం, పిల్ల వేళ్ళు చీలి నెత్తురొచ్చేవి.

నాయనమ్మకి ఒక అంగీ ఉండేది. అప్పటికి వాళ్ళకి దూది తెలీదు. లోపల పట్టుపీచు కూరి కుట్టుకునేవాళ్ళు. అది తొడుక్కుంటే పొయ్యి పక్కన కూర్చున్నట్టే ఉండేది.

ఒకనాడు యూలీ ఆ అంగీ తొడుక్కుని నదికెళ్ళింది. ఈ ఒక్కరోజే అనుకుంది. ఆ తర్వాత ఇంకొక్కరోజు అనుకుంది. ఆ తర్వాత ఏమీ అనుకోలేదు, కొర్రల జాడీలో దాచేసి, నదికెళ్ళేటప్పుడల్లా తీసి తొడుక్కునేది.

"నా అంగీ చూశావుటే?" అని నాయనమ్మ అడిగింది.

"ఎలకలు లాక్కుపోయాయేమో, నాయనమ్మా."

"పోన్లే. వాటికీ చలేస్తుందిగా," అని ముసలావిడ నవ్వింది. నవ్వుతూనే దగ్గింది. ఆ దగ్గు ఇంక తగ్గలేదు. చలి పోకముందే నాయనమ్మ పోయింది.

ఇప్పుడు విను. ఆ ఊళ్ళో ఒక ఆనవాయితీ ఉండేది. మనిషి ఊపిరి ఆగగానే ఏడవకూడదు. ముందు పిలవాలి. పోయిన మనిషి తొడుక్కున్న బట్ట తీసుకుని ఒకరు ఇంటి కప్పెక్కాలి. ఉత్తరం వైపు తిరిగి, ఆ బట్ట ఊపుతూ, పేరు పెట్టి మూడుసార్లు పిలవాలి. ప్రాణం గుడ్డిదట. దానికి చెమట వాసన ఒక్కటే దారట. వాసన పట్టుకుని వచ్చి ఆ బట్టలో దూరుతుంది. అప్పుడు దాన్ని కిందికి విసిరితే, బుట్టలో పట్టి, మనిషి మీద కప్పుతారు. ఊపిరి తిరిగొస్తే పండగే. రాకపోయినా, ప్రాణం దిక్కు లేకుండా తిరక్కుండా తన మనిషి దగ్గరే ఉంటుంది.

ఊళ్ళో అలా పిలిచే పెద్దాయన గూ తాత. ఆయన నిచ్చెన మోసుకుని వచ్చాడు.

"ఆవిడ బట్టేది?"

మేనత్త ఇల్లంతా వెతుకుతోంది. యూలీ వెళ్ళి జాడీలోంచి అంగీ తెచ్చిచ్చింది.

"ఎక్కడ దొరికిందే?"

"జాడీ వెనకాల, అత్తా."

గూ తాత అంగీ ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు. "ఉతకలేదు కదా?"

"లేదు తాతా."

"వేరే ఎవరూ తొడుక్కోలేదు కదా?"

యూలీ తల అడ్డంగా ఊపింది.

అప్పుడు గూ తాత కప్పెక్కాడు. "ఓ వెన్‌షీ! తిరిగి రా!" అని నాయనమ్మ పేరు పెట్టి పిలిచాడు. అంగీ కదల్లేదు. "ఓ వెన్‌షీ! తిరిగి రా!" అన్నాడు. కదల్లేదు. మూడోసారి పిలిచేసరికి, గాలి లేదు ఏమీ లేదు, అంగీ చేతులు రెండూ బుస్సున పొంగాయి.

"వచ్చింది! పట్టుకోండి!"

కింద నిలబడ్డ యూలీకి గుండెలోంచి ఏదో సన్నగా జారినట్టయింది. వేడినీళ్ళలో పట్టుకాయ వేసి దారం లాగుతారు చూడు, అలాగ.

అంగీ నాయనమ్మ మీద కప్పారు. ఊపిరి రాలేదు. అయితే ఇక మూడోనాడు పెట్టెలో పెట్టి పూడ్చాలి అన్నారు.

ఆ మధ్యాహ్నం వాకిట్లో కుక్క యూలీని వాసన చూసింది. వెనక్కి వెనక్కి నడిచింది. ఆ తర్వాత లోపలికి పోయి, నాయనమ్మ కాళ్ళ దగ్గర పడుకుని తోక ఊపింది.

రెండోనాడు యూలీ నదికెళ్ళి మంచు పగలగొట్టింది. వంగి చూసింది. నీళ్ళలో ఆకాశం ఉంది, ఎండుకొమ్మ ఉంది. యూలీ మొహం లేదు.

మూడోనాడు మేనత్త గంజి పోసింది. తన గిన్నె నింపింది, గూ తాత గిన్నె నింపింది, కుండ మీద మూత పెట్టేసింది.

"అత్తా, నాకో?"

మేనత్త చుట్టూ చూసింది. "ఎవరో పిలిచినట్టుంది తాతా."

"నేనే అత్తా, యూలీని!"

"అబ్బే, గాలి," అన్నాడు గూ తాత, గంజి ఊదుకుంటూ.

భయమేస్తోందా? నా చెయ్యి పట్టుకో.

యూలీ నాయనమ్మని పడుకోబెట్టిన పెట్టె దగ్గరికి పరిగెత్తింది. ముసలావిడ బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. చెయ్యి పట్టుకుంటే వెచ్చగా ఉంది. వేళ్ళు చూసింది. వేళ్ళ నిండా చీలికలు, ఎండిన నెత్తురు. మంచు పగలగొట్టిన వేళ్ళు. మరి తన వేళ్ళో? నున్నగా, చల్లగా, రాయిలా ఉన్నాయి.

అప్పుడు యూలీకి తెలిసింది. అంగీకి పట్టింది తన చెమట. వచ్చింది తన ప్రాణం. ఇంకాసేపట్లో పెట్టె మూస్తారు. మూస్తే తన ప్రాణం మట్టిలోకి పోతుంది. మరి నాయనమ్మ? ఆవిడ ఇంకా బయటే ఎక్కడో తిరుగుతూ ఉంది.

నలుగురు కలిసి మూత ఎత్తారు.

"అంగీ తీసింది నేనే!" అంది యూలీ. ఎవరికీ వినబడలేదు. "నేనే, అత్తా!" అంది. మూత దిగుతోంది. అప్పుడు పెట్టెకీ మూతకీ మధ్య చెయ్యి పెట్టేసి, ఒంట్లో ఉన్నదంతా కూడదీసుకుని అరిచింది. "చలికాలమంతా తొడుక్కున్నాను! ఎలకలు కావు, నేనే దాచాను!"

మూత ఆగిపోయింది. అందరికీ పిల్ల కనబడింది, పొగలాగ, ఉండీ లేనట్టు.

"ఏమన్నావే?" అంది మేనత్త. "నీకు చలేస్తే నన్నడగొచ్చుగా, పాడుపిల్లా!"

గూ తాత గబగబా అంగీ తీసి యూలీ భుజాల మీద వేశాడు. పిల్లకి గుండెలో దారం తిరిగి చుట్టుకున్నట్టయింది. కాళ్ళు నేలకానాయి. పెట్టెలో ముసలావిడ వేళ్ళ చీలికలు ఒక్కొక్కటే మాసిపోయాయి.

"నువ్వు బతికావు, సరే," అన్నాడు గూ తాత. "ఆవిడ మూడు రోజుల్నించీ మంచులో తిరుగుతోంది. చలికాలమంతా ఏం కప్పుకుందే ఆవిడ?"

"గోనె, తాతా. కొర్రల గోనె."

"తే. పద, ఎక్కు."

"నేనా? నువ్వు పిలవవా?"

"నేను ఒకసారి పిలిచి వేరే ప్రాణాన్ని తెచ్చాను. నా గొంతు ఇంక నమ్మదు. నీ గొంతయితే వింటుంది."

"కోపంగా వస్తే?"

"రావచ్చు," అన్నాడు గూ తాత. అబద్ధం చెప్పలేదు ఆయన.

యూలీ అంగీ విడిచి మేనత్త చేతికిచ్చి, గోనె పట్టుకుని నిచ్చెనెక్కింది. ఉత్తరం వైపు తిరిగింది. ఎంత దూరం చూసినా మంచే. ఆ మంచులో దూరంగా, మనిషి లేకుండా, అడుగులు పడుతున్నాయి. ఒకటి, ఇంకొకటి. ఊరి వైపు కాదు, అటు.

పిలిస్తే ఇటు తిరుగుతాయి. పిలవకపోతే మాత్రం ఎప్పటికీ అలా నడుస్తూనే ఉంటాయి.

"ఓ వెన్‌షీ! తిరిగి రా!" అంది. అడుగులు ఆగలేదు.

"ఓ వెన్‌షీ!" అంది. ఆగాయి.

మూడోసారి ఆ పేరు నోటికి రాలేదు. "నాయనమ్మా," అంది మెల్లగా. "నేనే తీశాను. రా, నాయనమ్మా."

అడుగులు ఇటు తిరిగాయి. ఒకటొకటిగా, తొందర లేకుండా, గోడ దాకా వచ్చాయి. కప్పు మీద మంచు కరకరమంది. పక్కనే దగ్గు వినబడింది. గోనె బరువెక్కింది. యూలీ కళ్ళు గట్టిగా మూసుకుంది.

కింద మేనత్త బుట్ట పట్టుకుని, "వెయ్యవే! వెయ్యి!" అని అరుస్తోంది.

వేసేలోపల ఆ గోనె దానంతటదే లేచింది. యూలీ భుజాల చుట్టూ తిరిగింది. గొంతు దగ్గర అంచులు రెండూ దగ్గరికి లాగి, పసిపిల్లకి కప్పినట్టు, మెత్తగా కప్పింది.

కథ కదిలింది కంచికి,
గాలి తిరిగింది మింటికి,
కునుకొచ్చింది కంటికి,
పదవే మనమిక ఇంటికి.