ఏడు రోజుల మందు

నీలగుంట రాజు బొల్లమరాజుకు జలుబు చేసింది. ఏడో రోజుకు తగ్గింది. అంతవరకూ బాగానే ఉంది. తగ్గిన మర్నాడు రాజుగారికి ఒక ఆలోచన వచ్చింది. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఆ ఏడు రోజులూ ఆయన చేత కషాయం తాగించినవాడు ఆస్థాన పండితుడు సింగనభట్టు. అల్లం, మిరియాలు, తులసి. వాటి మీద రెండు శ్లోకాలు.

"చూశారా ప్రభూ! పెరట్లో ఆకు, పోపులపెట్టెలో గింజ. ఇంతకు మించి ఏం కావాలి?" అన్నాడు భట్టు నిండు సభలో. "నా కషాయానికి లొంగని రోగం లేదు. పైగా ఆకులూ అలములే కదా! మేలు చేస్తే చేస్తాయి, కీడు మాత్రం చచ్చినా చేయవు."

రాజు తొడ చరిచాడు. "అయితే ఇక వైద్యశాల దేనికి? అమావాస్యకల్లా తాళం వేయించండి. అక్కడున్న రోగులందరికీ భట్టుగారి కషాయమే!"

సింహాసనం వెనక తమలపాకులకు ఈనెలు తీస్తున్న కొండసాని చెయ్యి ఆగిపోయింది. ఆమె రాజుగారి అడపకత్తె. వేళకు తాంబూలం చుట్టి అందించడం ఆమె పని. ఆమె తల్లి ఉన్నది ఆ వైద్యశాలలోనే. కాలికి తుప్పు మేకు దిగి, చీము పట్టి, పాదం గుమ్మడికాయలా వాచింది. వైద్యుడు ముమ్మడయ్య రోజూ పుండు కడిగి కట్టు కడుతుంటే ఇప్పుడిప్పుడే వాపు దిగుతోంది. కట్లు ఇంకో నెల పడాలి. అమావాస్యకు ఉన్నవి తొమ్మిది రోజులు.

'వద్దు ప్రభూ' అందామా అంటే, వద్దన్న పనిని బొల్లమరాజు రెండు రోజులు ముందే చేసేస్తాడు. కొండసాని తాంబూలం అందిస్తూ మెల్లగా అంది.

"ప్రభూ, జలుబుకు మా ఇంట్లోనూ ఒక మందుంది. తాగక్కర్లేదు, మింగక్కర్లేదు. చిన్న మూట జబ్బకు కట్టుకుని, పొద్దున్నే ఒకసారి ముక్కుకు తాకించుకుంటే చాలు."

భట్టు పకపకా నవ్వాడు. "ఏమే కొండసానీ! వక్కలు కత్తిరించే చేత్తో వైద్యం కూడానా?"

"కత్తిరించిన వక్కలు లెక్కపెట్టడం వచ్చు భట్టుగారూ, ఆ మాత్రం చాలు. మొన్నటి వానలో తడిసి కోట కావలివాళ్లు ఇరవై మంది తుమ్ముతున్నారు. పది మంది మీకు, పది మంది నాకు. ఎవరు ఎవరి వంతో చీట్లు తీద్దాం. లేకపోతే గట్టివాళ్లను నేనే ఏరుకున్నానంటారు. ఏడు రోజులయ్యాక లెక్క ప్రభువులే చూస్తారు."

పందెమంటే రాజుకు భోజనం కన్నా ఎక్కువ. సరేనన్నాడు.

ఎనిమిదో రోజు ఇరవై మందీ సభలో నిలబడ్డారు. భట్టు వంతు పది మందిలో ఒక్కడికీ ముక్కు కారడం లేదు.

"పదికి పది!" అన్నాడు భట్టు మీసం దువ్వుతూ.

చివరనున్న ఎర్రప్ప మాత్రం పొట్ట పట్టుకుని వంగిపోయాడు. "జలుబు పోయింది ప్రభూ. పూటకొక గిన్నె, మూడు పూటలా, ఇరవై ఒక్క గిన్నెలు తాగాను. ఆ మిరియాలు ఇప్పుడు లోపల కావలి కాస్తున్నాయి. నన్ను నిద్రపోనివ్వడం లేదు."

కొండసాని వంతు పది మందిలోనూ తుమ్మినవాడు లేడు. ఇద్దరికైతే ఆరో రోజుకే తగ్గిందట.

"ఇక్కడా పదికి పది! పైగా కడుపులో మంట లేదు," రాజు ముందుకు వంగాడు. "ఆ మూటలో ఏముందే కొండసానీ?"

"చెబుతాను ప్రభూ. కానీ ఇది భట్టుగారికి కూడా తెలియని మందు."

సభ మొత్తం భట్టు వైపు తిరిగింది. ఆయన మాట్లాడకుండా ఊరుకోవచ్చు. కానీ అన్ని రోగాలకూ మందున్న భట్టు దగ్గర నోరు మూసుకునే మందు ఒక్కటే లేదు.

"నాకు తెలియకపోవడమా! అది నా మందే ప్రభూ. నేను శిష్యులకు చెబుతుంటే చాటున విని ఎత్తుకుపోయింది!"

ఒక కావలివాడి జబ్బకున్న మూట లాగి విప్పాడు. కళ్లు మూసుకుని వాసన చూశాడు. "ఆహా, పిప్పళ్ల ఘాటు!" చిటికెడు తీసి నాలుక మీద వేసుకున్నాడు. "శొంఠి... అడుగున కరక్కాయ వగరు. మూడేళ్లు నీడన ఆరబెట్టిన చూర్ణం. సందేహమే లేదు."

"ప్రభువుల ఎదుట మాట భట్టుగారూ. నిజంగా మీదేనా?"

"ముమ్మాటికీ నాదే!"

కొండసాని చేతులు జోడించింది.

"అయితే మీ మందు మీరు ఏనుగుల శాల ముందు పారబోసుకున్నట్టున్నారు. నేను దారిలో ఎత్తుకున్నాను. ఉత్త దుమ్ము."

భట్టు నాలుక బయటికి వచ్చి బయటే ఉండిపోయింది. రాజు పొట్ట చేత్తో పట్టుకుని నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ మధ్యలో ఆగాడు. "మరి దుమ్ముకు జలుబెలా తగ్గింది?"

"ఏడు రోజులుంటే అదే పోతుంది ప్రభూ. పోయేదానికి గుమ్మం దాకా తోడు వెళ్లి, మేమే తరిమామని నేనూ భట్టుగారూ చెప్పుకుంటున్నాం. కషాయం మంచిదే. గొంతుకు హాయి. రోజుకు ఒక్క గిన్నెయితే కడుపు కూడా కాదనదు. కానీ అన్ని రోగాలూ జలుబంత మంచివి కావు."

ఆమె భట్టు చేతిలో విప్పి ఉన్న మూటను చూపించింది.

"ఈ దుమ్మును జలుబుకు కట్టాను కాబట్టి వైద్యురాలినయ్యాను. మా అమ్మ పుండుకు కట్టి ఉంటే తల్లిని చంపినదాన్నయ్యేదాన్ని."

రాజు భట్టు వైపు చూశాడు. "ఏమంటారు? పుండుకు కూడా తమరి కషాయమేనా?"

భట్టు ఉత్తరీయంతో నాలుక తుడుచుకుంటూ దిక్కులు చూశాడు.

"ముందు... ముందు ఆ ముమ్మడయ్యను ఒకసారి పిలిపించండి ప్రభూ. నోట్లో ఏదో పొక్కుతున్నట్టుంది!"

సభ ఘొల్లుమంది. ఎర్రప్ప కూడా పొట్ట వదిలేసి నవ్వాడు. రాజు తాళం ఉత్తర్వును అక్కడికక్కడే చింపించి, మెడలో ముత్యాలహారం తీసి కొండసాని చేతిలో పెట్టాడు.