మూత మీది పేరు

ఆ సోమవారం పొద్దున మద్దిలేటికి ఒకటే కష్టం. పత్తి బళ్లు తూచే కాటా దగ్గర చీటీలు కొట్టే ప్రింటర్ పనిచేయడం లేదు.

తనే తెచ్చుకున్న కష్టం అది. ఆదివారం కాటాకు సెలవు కదా అని, అక్కడి కంప్యూటర్‌కు కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించాడు. ఎవరూ అడగలేదు. పాతది మరీ నిదానంగా ఉందని తనకే తోచింది. తెల్లారేసరికి కంప్యూటర్ గుర్రంలా పరుగెత్తుతోంది గానీ, పక్కనున్న ప్రింటర్‌తో దానికి మాటల్లేవు. రెండింటికీ మధ్య మాట కలిపే చిన్న ప్రోగ్రామ్ ఒకటి ఉంటుంది చూశారూ, డ్రైవర్ అంటారు, పాత సిస్టమ్‌తో పాటు అదీ పోయింది. కొత్త సిస్టమ్‌కు సరిపోయే డ్రైవర్‌ను వెతికి తెచ్చుకోవాలి.

వెతకడంలో మద్దిలేటి గట్టివాడే. ఆదోనిలో ప్రింటర్లు బాగుచేసే ఖాదర్‌వలీ ఉస్తాద్ దగ్గర ఆరేళ్లుగా పని నేర్చుకుంటున్నాడు. ఈ కాటా దగ్గరి మిషన్లు చూసుకునే పని ఉస్తాద్ తనకే అప్పగించాడు. ఉస్తాద్ టైపు మిషన్ల కాలం మనిషి. ఇంటర్నెట్ సంగతుల్లో మాత్రం తనదే పైచేయి అని మద్దిలేటి నమ్మకం. ఆ నమ్మకం తప్పేమీ కాదు, అది కూడా చెప్పాలి కదా.

ప్రింటర్ మూత మీద మోడల్ నంబరు 610 అని ఉంది. 610 డ్రైవర్ దించాడు, ఎక్కించాడు. ప్రింటర్ కర్రుమని కదిలి చీటీ నిండా చుక్కలూ గీతలూ కొట్టింది. ఇంకోచోట నుంచి ఇంకోటి దించాడు. ఈసారి గీతలు పోయి బొమ్మలు వచ్చాయి. అట్లా నాలుగు డ్రైవర్లు అయ్యాయి.

బయట పద్దెనిమిది ట్రాక్టర్లు నిలబడి ఉన్నాయి. పడమట మబ్బు పట్టింది. పట్టలున్నవాళ్లు పత్తి మీద కప్పుకున్నారు, లేనివాళ్లు ఆకాశం చూస్తున్నారు. అచ్చు చీటీ లేనిదే పక్కనున్న పత్తి మిల్లు గేటు తీయరు. చేత్తో రాసిస్తే చెల్లదు.

కాటా చూసుకునే సుంకమ్మ కిటికీ దగ్గర కూర్చుని అందరి తిట్లూ తానే తింటోంది.

"ఏమ్మా, వాన కొట్టినాక తూస్తారా ఏంది?" అన్నాడు వరసలో మొదటి ట్రాక్టర్ ఈరన్న. "నీళ్ల బరువు కూడా కలిసొస్తాదని చూస్తాండారా?"

"నాకేం తెలుసు పెద్దాయనా, అదిగో ఇంజినీరు, ఆయప్పనడుగు" అని, సుంకమ్మ ఇటు తిరిగింది. "మద్దిలేటీ, ఒక మాట..."

"ఉండక్కా, నీకు తెలీదులే. ఇది డ్రైవర్ సంగతి."

సుంకమ్మ ఫోన్ తీసి ఉస్తాద్‌ను రమ్మంది.

ఉస్తాద్ స్కూటర్ నీడన పెట్టి, లోపలికొచ్చి, కుండలోని నీళ్లు తాగి, స్టూలు మీద కూర్చున్నాడు. మద్దిలేటి ఊపిరి తిప్పుకోకుండా చెప్పాడు. ఏ డ్రైవర్ ఎక్కడ దొరికింది, ఏది ఎందుకు కుదరలేదు, అన్నీ. అన్నీ సరిగ్గానే చెప్పాడు.

"ముసలి మిషన్ ఉస్తాద్" అన్నాడు చివరికి. "కొత్త సిస్టమ్‌కు ఇది పనికిరాదు. తీసి పారేసి కొత్తది పెట్టాల్సిందే."

ఉస్తాద్ కంప్యూటర్ వైపు చూడనే లేదు. లేచి, ప్రింటర్ వెనక్కి చెయ్యి పెట్టి, కంప్యూటర్ నుంచి వచ్చే వైరు పీకేశాడు.

మద్దిలేటి చెయ్యి అడ్డం పెట్టబోయాడు. "అది పీకేస్తే ఎట్ల ఉస్తాద్?"

"పొద్దున్నుంచీ నువ్వే చెప్పినావు కదా బేటా. కొంచెంసేపు దాన్ని చెప్పనీ."

ప్రింటర్ ఆపి, కాగితం ముందుకు జరిపే బటన్ ఒక వేలితో నొక్కి పట్టుకుని, రెండో చేత్తో స్విచ్ వేశాడు. ప్రింటర్ ఒకసారి ఒళ్లు విరుచుకున్నట్టు కదిలింది. ఏ కంప్యూటరూ చెప్పకుండా, తనంతట తనే కొట్టడం మొదలుపెట్టింది. అక్షరాలన్నీ వరసగా, నల్లగా, ముత్యాల్లా.

మద్దిలేటి కాగితం అందుకున్నాడు. అన్నిటికంటే పైన మిషన్ తన పేరు తనే రాసుకుంది.

640.

మూత వైపు చూశాడు. 610. మళ్లీ కాగితం చూశాడు.

"ఈ మూత..." అన్నాడు.

"పోయిన వానాకాలం పగిలిపాయె" అంది సుంకమ్మ. "మీ అంగట్లో పడుండే ఏదో మిషన్ మూత సరిపోయిందని, నువ్వే తెచ్చి బిగిస్తివి కదప్పా. అదే చెప్పబోతి. నాకు తెలీదంటివి."

ఈరన్న కిటికీలోంచి తల లోపల పెట్టి నవ్వాడు. "ఒకరి టోపీ ఒకరికి పెట్టి, పేరు పెట్టి పిలిచినా పలకడం లేదంటే ఎట్లప్పా?"

మద్దిలేటి కూర్చుని 640 అని కొట్టాడు. కంపెనీ పేజీలోనే, కొత్త సిస్టమ్‌కు సరిపోయే డ్రైవర్ ఉంది. దించి ఎక్కించడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు. వైరు తగిలించి, ఈరన్న ట్రాక్టర్‌ను కాటా మీదికి ఎక్కించమన్నాడు.

చీటీ వచ్చింది. మూడు పొరల కాగితం మీద అడుగు పొరలో కూడా అంకెలు స్పష్టంగా ఉన్నాయి. ఈరన్న దాన్ని దూరంగా పెట్టి ఒకసారి, దగ్గరగా పెట్టి ఒకసారి చూసి, జేబులో పెట్టుకున్నాడు.

"బాగయ్యిందా ముసలిది?" అని అడిగాడు.

"దానికేమీ కాలేదు పెద్దాయనా" అన్నాడు మద్దిలేటి.

పద్దెనిమిదో ట్రాక్టర్ మిల్లు షెడ్డు కిందికి పోయాక వాన దిగింది. రేకుల మీద ఆ చప్పుడు వింటూ ముగ్గురూ టీ తాగారు. సుంకమ్మ తన గ్లాసు ప్రింటర్‌కు దూరంగా పెట్టుకుంది.

మద్దిలేటి లేచి, ప్రింటర్ మూత ఊడదీసి చంకలో పెట్టుకున్నాడు.

"దీనికి అసలు మూత ఎక్కడైనా దొరుకుతాదేమో వెతికి, రేపే తెచ్చి బిగిస్తా ఉస్తాద్."

"వద్దులే. మూత లేకుండానే ఉండనీ."

"దుమ్ము పడతాదే ఉస్తాద్."

ఉస్తాద్ గ్లాసు కింద పెట్టాడు.

"రోజూ వచ్చి తుడువు."