వేదికను అలంకరించిన అమ్మానాన్నలు

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో కొందరు పిల్లలకి చెవి వినపడదు, కొందరికి మాట రాదు, కొందరు కుదురుగా కూర్చోలేరు. ఆ పిల్లల అమ్మానాన్నలంతా కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. అధ్యక్షుడు నెమలి రంగనాయకులు. ఆయన పింఛం ఎంత పొడుగో ఉపన్యాసమూ అంత పొడుగు.

కోతి సింగారమ్మ కొడుకు తిప్పడికి పుట్టు చెవుడు. బళ్ళో ఎలుగుబంటి పంతులు ఎంత పిలిచినా పలకడు. "వాడికి చెవుడు కాదమ్మా, పొగరు. పున్నమి దాకా చూస్తాను, ఆ తర్వాత పేరు కొట్టేస్తాను" అన్నాడు పంతులు. సింగారమ్మ సంఘం దగ్గరికి పరిగెత్తింది.

మొదటి మీటింగులో రంగనాయకులు ఒక్కొక్కరినీ వేదికగా పెట్టుకున్న బండ మీదికి పిలిచాడు. ఏనుగుగారు వేదికను అలంకరించాలి, కుందేలుగారు వేదికను అలంకరించాలి... ఈ అలంకరించడాలు అయ్యేసరికి పొద్దుగూకింది.

రెండో మీటింగులో బండ మీది వాళ్ళు ఒకరికొకరు దండలు వేసుకున్నారు. సింగారమ్మ నోరు తెరిచేలోగా ఏనుగు తన దండ తనే తినేసింది. నవ్వకండర్రా, ఆకలేసిందేమో.

మూడో మీటింగు పున్నమి ముందు రోజు. అందరూ బండ మీదే ఉన్నారు, కింద సింగారమ్మ ఒక్కతే. రంగనాయకులు గొంతు సవరించుకుని, ఆదర్శ మాత సింగారమ్మగారు కూడా వేదికను అలంకరించాలన్నాడు. దండంటే ఎవరికి చేదు? ఆవిడ ఒక అడుగు వేసింది కూడా. అంతలో ఒళ్ళు మండింది.

"నేనూ ఎక్కితే ఇంక వినేదెవరండీ? రేపు మా వాణ్ణి బళ్ళోంచి తీసేస్తున్నారు. నాతో వచ్చేవాళ్ళు కిందికి దిగండి" అంది.

ముందు ముళ్ళపంది మంగతాయి దిగింది. తన కూతురికీ వినపడదని, కాలితో నేలని గట్టిగా తడితే ఆ అదురు తెలిసి తిరిగి చూస్తుందని చెప్పింది. ఇన్నాళ్ళూ ఒకే సంఘంలో ఉండి ఈ ముక్క చెప్పుకోవడానికి వాళ్ళకి తీరిక దొరకలేదు. తర్వాత కుందేలు దిగింది, ఏనుగు దిగింది, అందరూ దిగారు.

మర్నాడు గుంపుగా బడికి వెళ్ళారు. ఒంటరిగా వచ్చిన తల్లిని కసిరిన పంతులు ఇంతమందిని చూసి కూర్చోమన్నాడు. నేలని ఒక్కసారి తట్టి చూడమంది మంగతాయి. పంతులు సణుక్కుంటూనే తట్టాడు.

గోడవైపు తిరిగి కూర్చున్న తిప్పడు గిరుక్కున ఇటు తిరిగాడు. పంతులుగారు తననే పిలిచారని తెలిసి పళ్ళన్నీ బయటపెట్టి నవ్వాడు.

"ఇన్నాళ్ళూ నిన్ను ఊరికే తిట్టానురా" అని పంతులు వాణ్ణి దగ్గరికి తీసుకున్నాడు. సింగారమ్మ అక్కడే కూలబడి ఏడ్చేసింది.

నీతి: సంఘం పెట్టుకునేది ఒకరి గోడు ఒకరు వినడానికి, ఒకరి వెంట ఒకరు నడవడానికి. అందరూ వేదికెక్కి కూర్చుంటే పిల్లల సంగతి చూసేవాళ్ళుండరు.