బుట్ట మోసిన మేనమామ

అనగనగా, వీధివీధినా గాజుల గలగలలు వినిపించే కాలంలో, మొగిలివాడ అనే ఊరుండేది. ఆ ఊళ్ళో గవరయ్య శెట్టి అనే గాజుల వర్తకుడుండేవాడు. గాజుల మలారం భుజాన వేసుకుని, తట్టు గుర్రాన్ని వెంటబెట్టుకుని నలభై ఏళ్ళు ఊరూరా తిరిగాడు. ఆయన నడకని అందుకోలేక దుమ్ము కూడా వెనకబడుతుందని ఆడవాళ్ళు నవ్వుకునేవారు.

మొగిలివాడలో ఒక ఆచారం ఉంది. ఇంటి పెద్దకి అరవై నిండగానే పీట మీద కూర్చోబెట్టి, కాళ్ళు కడిగి, "ఇక ఈ పాదాలు కష్టపడకూడదు" అని కొడుకులు మొక్కుతారు. ఆ తరవాత ఆ పెద్దమనిషి గడప దాటి నడిచాడంటే కొడుకులకి తలవంపులే. మర్యాదంటే అలాంటిది మరి!

గవరయ్యకీ అరవై నిండాయి. పెద్దకొడుకు బూరుగుదూది పరుపు కుట్టించాడు. నడిపివాడు పెరట్లోకి వెళ్ళడానికి కూడా డోలీ ఏర్పాటు చేశాడు. చిన్నవాడు, అన్నలకి నేనేం తీసిపోయానని, పూటకో నేతి పిండివంట చేయించాడు. గవరయ్యకీ బాగానే ఉంది. ఉండదా మరి! పరుపు మీద పడుకుని అరిసె కొరుకుతూ, "ఇంతటి కొడుకులు ఎవరికున్నారు?" అని మురిసిపోయాడు.

ఏడాది గడిచింది. ఒకనాడు చెల్లెలు అచ్చమ్మ, కూతురు సీతాలుని తీసుకుని వచ్చింది.

"అన్నయ్యా, మూడు నెలల్లో పిల్ల పెళ్ళి. బుట్ట నువ్వే మొయ్యాలి."

పెళ్ళికూతుర్ని వెదురుబుట్టలో కూర్చోబెట్టి పందిట్లోకి మోసుకొచ్చేది మేనమామే. తండ్రి లేని సీతాలుకి గవరయ్య ఒక్కడే మేనమామ. ఆ పిల్లకి మొదటి గాజులు తొడిగిందీ ఆయనే. సంతోషంగా లేవబోయాడు. మోకాళ్ళు రెండూ మొరాయించాయి. ఎలాగో గోడ పట్టుకుని లేచి, రెండడుగులు వేసి, ఆయాసంతో కూలబడ్డాడు.

సీతాలు గబుక్కున పట్టుకుంది. "పోనీలే మావయ్యా, నేను నడిచే వస్తాలే" అంది గానీ, కళ్ళల్లో నీళ్ళు ఆగలేదు. గవరయ్య మనసు చివుక్కుమంది.

వాళ్ళు వెళ్ళాక ఆయన డోలీని పిలవలేదు. గోడ పట్టుకుని మెల్లగా కొట్టం దాకా వెళ్ళాడు. చిన్నకొడుకుతో సంతకి వెళ్ళొచ్చిన తట్టు గుర్రం చుక్కన్న అక్కడ ఎండుగడ్డి నములుతోంది.

"ఒరే చుక్కన్నా, నువ్వూ నాలాగే ముసలివాడివి గదా! ఇంకా ఇంత గట్టిగా ఎలా ఉన్నావురా?"

"నాకెవరూ సన్మానం చెయ్యలేదయ్యా!" అంది చుక్కన్న. "బరువు తగ్గించారు గానీ నడక మాన్పించలేదు. నాకు పరుపూ లేదు, అరిసెలూ లేవు. అందుకే బతికిపోయాను."

గవరయ్య పకపకా నవ్వాడు. ఆ వెంటనే సిగ్గుపడ్డాడు. కొడుకులు పెట్టారు సరే, తిన్న నోరు తనదే కదా!

"నన్నూ నడిపిస్తావురా?"

"నా మెడ మీద చెయ్యి వెయ్యండి. రేపటికి వాకిలి దాకా చాలు. ఒక్కరోజులో ఊళ్ళు తిరగాలనుకోకండి."

మొదటి నెల వాకిలి దాకా నడిచాడు. రెండో నెల చింతతోపు దాకా నడిచాడు. మూడో నెల మలారం భుజాన వేసుకుని పక్కూరికి వెళ్ళొచ్చాడు. అరిసెలు మాని జొన్నసంకటి, ఆకుకూర, పలచటి మజ్జిగ తీసుకున్నాడు. బుట్టలో వడ్లు పోసుకుని, రోజుకింత పెంచుతూ, ఎత్తడం అలవాటు చేసుకున్నాడు.

కొడుకులు లబలబలాడారు. "తిండి పెట్టక తరిమేశామనుకుంటారు నాన్నా! ఊళ్ళో మేం తలెత్తుకు తిరగొద్దా?"

"మీ తలల సంగతి తరవాత చూద్దాం లేరా. ముందు నా మోకాళ్ళు లేవనివ్వండి!"

పెళ్ళిరోజు రానే వచ్చింది. సీతాలు బుట్టలో కూర్చుని గుసగుసలాడింది. "పొద్దుట్నుంచీ ఉపవాసమే మావయ్యా, అంత బరువుండనులే."

"కదలకుండా కూర్చోవే, చాలు!" అని నవ్వి, గవరయ్య బుట్ట ఎత్తాడు.

పందిరికి సగం దూరంలో కాళ్ళు వణికాయి. కొడుకులు ముగ్గురూ పరుగెత్తుకొచ్చారు. ఆయన వద్దని తల ఊపాడు. ఆగి, నిదానంగా మూడుసార్లు ఊపిరి పీల్చుకుని, మళ్ళీ అడుగు వేశాడు. పీటల దగ్గర బుట్ట దించేసరికి అచ్చమ్మ భోరున ఏడ్చింది. అంత ఆనందం ఆమెకి ఎన్నడూ కలగలేదు.

నలభైకే బొజ్జ పెంచిన పెద్దకొడుకు తండ్రి పక్కన చేరి, చిన్నగా అడిగాడు. "నాన్నా, రేపు పొద్దున నన్నూ లేపుతావా?"

"లేపుతాను. డోలీ మాత్రం ఎక్కనివ్వనురోయ్!" అన్నాడు గవరయ్య.

కాబట్టి పిల్లలూ, వయసు మీద పడ్డాక మితమైన తిండీ, ఒంటికి తగిన పనీ ఉంటేనే ఆరోగ్యం నిలుస్తుంది; పెద్దల మీద నిజంగా ప్రేమ ఉన్నవాళ్ళు వాళ్ళ చేత రోజూ నాలుగడుగులు వేయించాలి.