ఊపితే పలకని వాల్వు

వరహాలమ్మ బిగించిన ఆయిల్ సీలు మళ్ళీ కారింది.

గఫూర్ సాయిబు షెడ్డులో ఆమె కొడుకు పని నేర్చుకునేవాడు. పోయిన వానల్లో లారీ గుద్ది పోయాడు. పెద్దకర్మ అయిన మర్నాడే ఆమె వచ్చి, "వాడి పని నాకు నేర్పండి" అంది. ఏడవలేదు. వాడి పేరు ఎవరూ ఎత్తకూడదంది. ఇంట్లో కూతురు ఒకసారి ఎత్తితే చెంప పగలగొట్టింది. ఆ పిల్ల మేనత్త ఇంటికి వెళ్ళిపోయింది. ఫోను చేస్తే తియ్యడం లేదు.

"సీలు మళ్ళీ మార్చాను ఉస్తాద్. ఈ ముసలి కారుకి నేనంటే పడదు."

"ముసలివాళ్ళని తిట్టకమ్మా, నేనూ ఉన్నాను. స్టార్ట్ చేసి ఆయిల్ మూత తియ్యి."

తీసింది. లోపలి ఆవిరి ఫుస్సుమని మొహాన కొట్టింది.

సాయిబు ఇంజను ఆపించాడు. రబ్బరు గొట్టం చివరనున్న బొటనవేలంత వాల్వు లాగాడు. ఇంజనులో చేరే ఆవిరి గాలిలో కలవకుండా, మళ్ళీ లోపలికే పోయి కాలిపోయేది దాని గుండానే. ఆమె చేతిలో పెట్టాడు.

"ఊపు."

ఊపింది. చప్పుడు లేదు.

కొత్తది ఇచ్చాడు. ఊపితే లోపలి ముక్క టకటకలాడింది.

"పాతది మడ్డి పట్టి బిగుసుకుపోయింది. ఆవిరికి దారి లేదు. ఎక్కడ మెత్తగా ఉంటే అక్కడ తన్నుకొస్తుంది. సీలు ఏం చేస్తుంది, పాపం?"

ఆమె కొత్త వాల్వు గొట్టానికి తగిలించింది. మళ్ళీ స్టార్ట్ చేసి, వాల్వు నోటికి వేలు అడ్డం పెట్టింది. లోపలి గాలి వేలిని పీల్చి లాగింది. బాగుంది. దాని చోట్లో దాన్ని నొక్కి పెట్టింది.

"పిల్ల వచ్చిందా?" అన్నాడు సాయిబు.

"రాలేదు."

గుడ్డతో చేతులు తుడుచుకుంది. తుడిచిన చేతులనే మళ్ళీ తుడుచుకుంది.

"ఇంట్లో మెత్తగా ఉన్నది అదొక్కతే ఉస్తాద్."

సాయిబు కారెక్కి తలుపు వేసుకున్నాడు. మొహం గోడ వైపు తిప్పుకుని యాక్సిలరేటర్ తొక్కాడు. షెడ్డంతా ఇంజను మోతతో నిండిపోయింది. రోడ్డు మీద పోయేవాళ్ళకి ఇంకేమీ వినపడదు.

బానెట్ చాటున వరహాలమ్మ కొడుకుని పేరు పెట్టి పిలిచింది. మళ్ళీ పిలిచింది.

సాయిబు కాలు తియ్యలేదు.