గేదె గిట్ట, నక్క యంత్రం

అడవి అంచున, వాగు మలుపు తిరిగేచోట ఒక సంత ఉండేది. ఆ సంతలో ఎవరూ ఎవర్నీ తినకూడదన్నది తాతలనాటి కట్టుబాటు. ఆ ఒక్క కట్టుబాటుతోనే సంత ఏళ్ల తరబడి చక్కగా నడిచింది. అంత చక్కగా నడిచేది పెద్దవాళ్ల కంట్లో పడితే ఊరుకుంటారా?

సంతలో మాచమ్మ అనే గేదెకి పెరుగు కొట్టు ఉండేది. సాయంత్రం తోడు పెట్టి, తెల్లారగానే కుండలు మోసుకొచ్చి, ఎండ ముదిరేలోపు అమ్ముకుని వెళ్లిపోయేది. మాచమ్మ పెరుగు కుండ బోర్లించినా జారదని ఎలుగులు పందేలు కాసేవి. పక్కనే పుల్లమ్మ అనే మేక విస్తరాకులు అమ్మేది. సగం సరుకు అమ్మేది, మిగతా సగం తనే నమిలేసేది.

"అలా తినేస్తే ఏం మిగులుతుందే?" అని మాచమ్మ అడిగితే, "సరుకు మంచిదో కాదో చూసుకోవద్దా అత్తా?" అనేది పుల్లమ్మ. ఎవరి కడుపు వాళ్లకి నిండుతోంది.

ఆ రోజుల్లో అడవికి రాజైన సింహం పక్క అడవికి చుట్టపుచూపుగా వెళ్లొచ్చింది. అక్కడ ఏదో యంత్రం చూసిందట. రాగానే బండ మీదికెక్కి, "మన అడవి కూడా ముందుకు పోవాలి!" అని గర్జించింది. ఎక్కడికి పోవాలో చెప్పలేదు. అడిగే ధైర్యం ఎవరికీ లేదు. ఆ ముందుకు తీసుకుపోయే పనికి కనకలింగం అనే నక్కని ఆఫీసరుగా వేసింది. కనకలింగానికి ఉన్న అర్హతల్లా పక్క అడవికి రాజుగారి సంచి మోసుకుంటూ వెళ్లి రావడమే.

మర్నాడు పొద్దున్నే నక్క ఒక పెట్టె తెచ్చి సంత వాకిట్లో రాయి మీద పెట్టింది. పెట్టె మధ్యలో ఎర్రగా వెలిగే గాజు బిళ్ల ఉంది.

"ఇకనుంచి కొట్టున్న ప్రతివాళ్లూ పొద్దున్నే దీనిమీద వేలిముద్ర వెయ్యాలి. ముద్ర పడితే కొట్టు తెరవొచ్చు. పడకపోతే ఇంటికి పోవచ్చు" అంది.

"ఎందుకు తమ్ముడూ ఇదంతా?" అంది మాచమ్మ. కనకలింగం పిల్లగా ఉన్నప్పుడు వాగులో కొట్టుకుపోతుంటే తోక అందించి ఒడ్డుకి లాగింది మాచమ్మే. ఆ చనువుతో అడిగింది.

"తమ్ముడూ గిమ్ముడూ కాదు, ఆఫీసరుగారూ అనాలి. ఈ కొట్టు నడిపేది నువ్వేనని ఎలా తెలుస్తుంది మరి?"

"నేను నడపడం సంతంతా చూస్తూనే ఉందిగా!"

"సంత చూస్తే సరిపోతుందా? యంత్రం చూడాలి."

మాచమ్మ గిట్ట కడుక్కొచ్చి గాజు మీద పెట్టింది. పెట్టె లోపలినుంచి ఒక గొంతు, "ముద్ర సరిగా లేదు. మళ్లీ ప్రయత్నించండి" అంది. మళ్లీ పెట్టింది. మళ్లీ అదే మాట. వెనక్కాలు పెట్టింది. ఈసారి యంత్రం మాట కూడా అనకుండా కీచుమంది.

"లోపం యంత్రంలో లేదు, నీ గిట్టలో ఉంది. కాస్త నూనె రాసుకుని రా" అంది నక్క.

మాచమ్మ నూనె రాసుకొచ్చింది. పుల్లమ్మ కూడా రాసుకొచ్చి, ఆ నూనె నాకేసి, మళ్లీ రాసుకొచ్చింది. కుందేలు వచ్చింది, ముళ్లపంది వచ్చింది. యంత్రం అందర్నీ సమానంగా చూసింది. ఒక్కరి ముద్రా పడలేదు. ఇంతలో పొద్దు నెత్తి మీదికొచ్చింది. కుండల్లో పెరుగు పులిసి బుడగలు లేచాయి. ఎలుగులు వాసన చూసి, మొహం చిట్లించుకుని వెళ్లిపోయాయి. ఆ పెరుగంతా వాగులో పారబోస్తుంటే మాచమ్మకి ఏడుపొచ్చింది. తన ఒంట్లోంచి వచ్చిన పాలు మరి.

ఫిర్యాదులు వినడానికి రాజుగారు చింతచెట్టు తొర్రలో ఒక చిలకని పెట్టారు. మాచమ్మ అక్కడికి వెళ్లింది.

"నమస్కారం. మీ మాట మాకెంతో విలువైనది. దయచేసి వేచి ఉండండి" అంది చిలక.

మాచమ్మ వేచి ఉంది.

"నమస్కారం. మీ మాట మాకెంతో విలువైనది..."

"ఇందాకే అన్నావు తల్లీ. యంత్రంలో నా ముద్ర పడటం లేదు, అదీ సంగతి."

"మీ ఫిర్యాదు రాసుకున్నాం. కింద వేలిముద్ర వెయ్యండి."

"ఆ ముద్ర పడకే కదమ్మా నీ దగ్గరికొచ్చింది!"

"మీ సమస్య పరిష్కారమైనందుకు మాకెంతో సంతోషం" అని చిలక జామకాయ కొరుక్కుంది.

ఆ వారమంతా అంతే. మాచమ్మ రోజూ పెరుగు మోసుకొచ్చి, వాగులో పోసి వెళ్లింది. కుడితి తాగబుద్ధి కాలేదు, పాలు కూడా తగ్గిపోయాయి. ఇంకో వారం ఇలాగే సాగితే కొట్టు మూసేసి, ఎవరి బురదగుంటలోనో పడి ఉండటమేనని బెంగపెట్టుకుంది. అప్పుడొచ్చింది కనకలింగం, మొహాన జాలి పులుముకుని.

"అక్కా, నీ కష్టం చూడలేకపోతున్నాను" అంది. అక్కా అన్నప్పుడే అనుమానించాల్సింది. "యంత్రానికి కావలసింది వేలు. మనలో వేలిముద్ర ఉన్నది కొండలు ఒక్కడికే. నేను మాట్లాడిపెడతాను, అందరి బదులూ వాడే వేస్తాడు."

కొండలు అంటే కోతి. సంత వాకిట్లోకి గెంతుకుంటూ వచ్చి, గాజు మీద బొటనవేలు ఆనించింది. యంత్రం పచ్చగా వెలిగి, "స్వాగతమండీ!" అంది. ఆ గొంతులో మర్యాద విని పుల్లమ్మకి ఒళ్లు మండింది.

"వేలు కొండలుదైతే, పేరు ఎవరిది?" అని అడిగింది పుల్లమ్మ.

"పేరు నాది ఎక్కించాను" అంది నక్క. "యంత్రం చిరునామా అడుగుతుంది. వీడు ఒక కొమ్మ మీద కుదురుగా ఉంటాడా? అందుకని నా పేరూ, నా బొరియా ఇచ్చాను. మీకోసం ఈ తలనొప్పి కూడా నేనే నెత్తికెత్తుకున్నాను."

"అయితే కొట్టు నీదైపోదూ?"

"ఛఛ! అదొట్టి లాంఛనం."

లాంఛనం అన్న మాట వినపడితే చెవులు నిక్కబొడుచుకోవాలి. కానీ పెరుగు పులిసిపోతున్నవాళ్లకి అంత తీరిక ఎక్కడిది? అందరూ తలలూపారు. రోజూ కొండలుకి ఒక అరటిగెల, కనకలింగానికి మీగడ తేరిన పెరుగు కుండ ఇచ్చేట్టు మాటయింది. కొట్లు తెరుచుకున్నాయి. సంత మళ్లీ కళకళలాడింది. నక్క ఒళ్లు మాత్రం అందరికంటే ఎక్కువ కళకళలాడింది.

కొన్నాళ్లు గడిచాయి. ఒక పొద్దున మాచమ్మ వచ్చేసరికి కొట్టుకి చెక్క వేలాడుతోంది. దానిమీద "కనకలింగం పెరుగు కేంద్రం" అని ఉంది. పక్కన "కనకలింగం విస్తరాకుల కేంద్రం." ఆ పక్కన ఏముందో చూడబుద్ధి కాలేదు మాచమ్మకి.

"ఏంటి తమ్ముడూ ఇది?"

"ఎవరే నీకు తమ్ముడు? యంత్రంలో ఎవరి పేరుందో చూసుకో. కొట్టు నాది. నువ్వు కూలికి చేస్తున్నావు. కూలికింద రోజూ మోపెడు గడ్డి పడేస్తాను. అడవిలో అంతా నాదే అనలేదు, చూడు, నాది మంచి మనసు."

మాచమ్మ మోసుకొచ్చిన కుండలు అక్కడే దించేసింది. సరాసరి రాజుగారి గుహకి వెళ్లి మొరపెట్టుకుంది. సింహం ఆవులిస్తూ వింది.

"యంత్రం ఎవరి పేరు చెబుతోంది?"

"నక్క పేరు, మహారాజా. కానీ..."

"యంత్రం అబద్ధం చెప్పదు."

"ఆ మాట మీకెవరు చెప్పారు?"

"నక్క చెప్పింది" అని సింహం అటు తిరిగి పడుకుంది.

మాచమ్మ రాజుగారి దాకా వెళ్లిందని తెలిసి నక్కకి గుబులు పుట్టింది. ఈ గేదె కుండలెత్తుకుని వాగు దాటితే ఎలా? అందుకని రాజముద్ర వేయించి మరీ కొత్త నిబంధన చాటించింది: "పొద్దున యజమాని వేలిముద్ర పడనిదే ఏ గిట్టా సరుకు ముట్టరాదు. ముట్టినవాళ్లకి సంతలో ఇక చోటు లేదు." ఆ ఊపులోనే, ఇదంతా నాదయ్యాక ఈ అరటిగెలలు దండగ కదా అని, కొండలుకి గెల ఆపేసింది.

పుల్లమ్మ ముక్కు చీదుకుంటూ వచ్చింది. "నా విస్తరాకు నేను తినకూడదట అత్తా! ఇక నేనేం బతుకుతాను?"

"గోల పెట్టకు పిల్లా. మనం చక్కగా నిబంధన ప్రకారమే ఉందాం" అంది మాచమ్మ. చాలా రోజులకి దాని మొహంలో కాస్త తేట కనపడింది.

ఇంతలో వార్త వచ్చింది. పక్క అడవి సింహం విందుకొస్తోంది. అది ముసలిది. పళ్లూడిపోయిన దగ్గర్నుంచీ పెరుగు తప్ప ఇంకేదీ దిగదు దానికి. కుండలకొద్దీ పెరుగు సిద్ధం చెయ్యాలని రాజుగారు సంతకి కబురంపారు. "అంతా నేను చూసుకుంటాను మహారాజా" అని కనకలింగం ఛాతీ విరుచుకుంది.

విందుకి ముందురోజు తెల్లవారుతుండగా మాచమ్మ దార్లో కొండలుని కలిసింది. కోతి ఆకలితో మొహం వేలాడేసుకుని కూర్చుంది.

"ఏరా అబ్బాయ్, అలా చిక్కిపోయావు?"

"గెల ఆపేశాడు పిన్నీ. వేలు మాత్రం రోజూ కావాలట."

"అయ్యో పాపం. వాగు అవతల మేడిచెట్లు విరగకాశాయని కొంగలు అనుకుంటుంటే విన్నాను. నీకెందుకులే, నీకు ఉద్యోగం ఉందిగా."

మాట పూర్తికాకముందే కోతి వాగు దాటింది.

ఆ పొద్దున ముద్ర పడలేదు. మాచమ్మ బుద్ధిగా కొట్టు ముందు పడుకుని నెమరేసింది. కనకలింగం సంత వైపే రాలేదు. విందులో రాజుగారి పక్కన ఎలా కూర్చోవాలో ఇంట్లో సాధన చేసుకుంటోంది. మర్నాడు విందు వేళకి సంతకొచ్చి చూస్తే కుండలన్నీ బోర్లించి ఉన్నాయి.

"పెరుగేదీ?"

"తోడు పెట్టలేదు ఆఫీసరుగారూ. నిన్న యజమాని ముద్ర పడలేదు. ముద్ర పడనిదే ముట్టకూడదని తమరే చాటించారుగా."

నక్క ఒక ఖాళీ కుండ తీసి మాచమ్మ ముందు పెట్టింది. "అక్కా! అక్కా! పాలైనా ఇవ్వు."

"పాలు కూడా సరుకే బాబూ. నేను మాత్రం ఎలా ముట్టను? అసలే కూలిదాన్ని."

నక్క కోతికోసం చెట్టు చెట్టుకీ పరిగెత్తింది. చిరునామా లేనివాడు దొరుకుతాడా? రొప్పుకుంటూ వెనక్కొచ్చేసరికి రెండు సింహాలూ సంత వాకిట్లో కూర్చుని ఉన్నాయి. ముసలి సింహం నాలుకతో పెదాలు తడుపుకుంటోంది. ముందు విస్తరి లేదు, విస్తట్లో పెరుగు లేదు.

"విస్తళ్లేవే?" అని రాజుగారు మేక మీద గుడ్లురిమారు.

"అయిపోయాయి మహారాజా. గిట్టతో ముట్టకూడదన్నారు. నా గిట్ట తగల్లేదు, నోరే తగిలింది" అంది పుల్లమ్మ, త్రేన్చి.

"ఈ పెరుగు కొట్టు ఎవరిది?" సింహం యంత్రం వైపు తిరిగి గర్జించింది.

"కనకలింగం. చిరునామా: నక్క బొరియ" అంది యంత్రం.

"విస్తళ్ల కొట్టు?"

"కనకలింగం. చిరునామా: నక్క బొరియ."

నక్క రాజుగారి కాళ్లమీద పడింది. "ప్రభూ, ఆ కొట్లు నావి కావు! పెరుగు మాచమ్మది, విస్తళ్లు పుల్లమ్మవి. పెట్టె తప్పు చెబుతోంది!"

"యంత్రం అబద్ధం చెప్పదన్నావు కదరా?"

నక్క పెట్టె వైపూ, రాజుగారి వైపూ మార్చి మార్చి చూసింది.

"సరే, యజమానివి నువ్వేగా. ముద్ర వేసి కొట్టు తెరువు. అతిథి ఆకలిమీదున్నారు."

కనకలింగం పంజా తీసి గాజు మీద పెట్టింది. "ముద్ర సరిగా లేదు. మళ్లీ ప్రయత్నించండి" అంది యంత్రం. మళ్లీ పెట్టింది. మళ్లీ అదే మాట.

"కాస్త నూనె రాసుకో బాబూ" అంది మాచమ్మ.

ముసలి సింహం పెట్టెని తేరిపార చూసి, బోసినోటితో నవ్వింది. "ఇది ఇంకా దాచుకున్నారా? మా అడవిలో ఇది వచ్చాక నాకు వారంరోజులు భోజనం లేదు. పారేద్దామనుకుంటుంటే ఈ నక్క ముచ్చటపడి ఎత్తుకొచ్చింది."

రాజుగారి మీసాలు అదిరాయి. పొరపాటు పడ్డానని ఒప్పుకోవడం రాజులకి అలవాటు లేదు కాబట్టి, యంత్రం గిట్టలు గుర్తుపట్టడం నేర్చుకునేదాకా పాత కట్టుబాటే నడుస్తుందని గంభీరంగా సెలవిచ్చారు. మాచమ్మ అప్పటికప్పుడు పాలిచ్చింది, ముసలి సింహం గోరువెచ్చగా అవే తాగి తృప్తి పడింది. కనకలింగం పేరున్న చెక్కల్ని పొయ్యిలో పెట్టారు.

"మరి నా సంగతి?" అంది నక్క.

"యంత్రంలో యజమానివి నువ్వేగా. పేరు తీయించుకునేదాకా సంతలో కుండలన్నీ నువ్వే తోమాలి. అన్యాయమనిపిస్తే ఫిర్యాదు చేసుకో" అంది సింహం.

నాలుగు కుండలు తోమేసరికే కనకలింగం మసి చేతులతోనే చింతచెట్టు దగ్గరికి పరిగెత్తింది.

"నమస్కారం. మీ మాట మాకెంతో విలువైనది" అంది చిలక. "కింద వేలిముద్ర వెయ్యండి."

నీతి: ఎదుటివాడి గిట్ట పనికిరాదని నిబంధన రాసేముందు, నీ పంజా ఒకసారి చూసుకో.