గోరంట తోకకు కట్టిన తోరము

అందరును కుడిచేత అక్షతలు పట్టుకొని, చేతి తోరము ఎదుటివారికి కనబడునట్లు కూర్చుండి వినుడు. నడుమ లేచిపోవలసినవారు ఇప్పుడే లేచిపొండు.

హరితాశ్వ మహర్షి ఆశ్రమమునకు ఒకనాడు కుశధన్వుడను ముని వచ్చి, నమస్కరించి, తన మనసులోని బాధ విన్నవించెను. తాను దేశములు తిరుగుచు అనేకమైన గుర్రపుసాలలు చూచితిననియు, కొన్నింట గుర్రములు తోకవెంట్రుకలు రాలి మోడులై, ఈగలను తోలుకొనలేక కన్నీరు కార్చుచున్నవనియు, నోరులేని ఆ జీవములకు ఈ కష్టము ఏ దోషమువలన కలిగినదో, ఏ వ్రతమువలన తీరునో సెలవియ్యవలెననియు అడిగెను. హరితాశ్వుడు, దోషము గుర్రములది కాదనియు, ఈ కథ వినుటకు హాయిగా నుండదనియు ముందే హెచ్చరించి, చెప్పసాగెను.

పూర్వము కంకణగిరి దుర్గమున బొల్లన యను సాహిణి యుండెను. దొరగారి గుర్రపుసాల అతని చేతిక్రిందనే నడిచెను. అతని భార్య ప్రోలమ. ఆమె కాపురమునకు వచ్చునప్పుడు పుట్టింటివారు పసుపుకుంకుమల క్రింద ఒక ఆడు గుర్రపుపిల్లను ఇచ్చి పంపిరి. దాని వన్నె పండిన గోరింటాకు వన్నె. అందుచేత దానిని గోరంట అని పిలిచిరి. ప్రోలమ దానికి ఉలవలు తన చేతనే పెట్టెను, దాని ముచ్చట్లు ఇరుగుపొరుగులకు విసుగు పుట్టునంతగా చెప్పెను. ఆ యేడు గోరంట నిండు చూలుతో నుండెను. ప్రోలమకు దానికి పుట్టబోవు పిల్లను చూడవలెనను కోరిక తప్ప వేరు కోరిక లేదు.

ఆ యింట ఏటేట భాద్రపద శుద్ధమున వచ్చు ఆదివారమునాడు, సూర్యభగవానుని కుమారుడును గుర్రములకెల్ల ఏలికయు నగు రేవంతుని పూజించుచుండిరి. తొమ్మిదిపోగుల పసుపుదారమునకు తొమ్మిది ముడులు వేసి ఇంటి యజమానుడు చేతికి కట్టుకొనవలెను. అది మొదలు నలుబది దినములు ఆ చేతితోనే గుర్రము తోకను కుంకుడురసముతో కడిగి, నీడన ఆరనిచ్చి, కానుగనూనె రాసి, కొననుండి పైకి వ్రేళ్లతో చిక్కు తీయవలెను. సాలలో వేపాకు పొగ వేయవలెను. తోరము లేని చేయి ఆ దినములలో తోకను తాకరాదు. కట్టిన తోరము నడుమ విప్పరాదు, తెంపరాదు. ఇది వారి ఇంటి ఆచారము.

ఆ యేడు దొరగారు బొల్లనను వేటకు తోడు రమ్మనిరి. దొర పిలుపు వినగానే బొల్లనకు కాళ్లు నేలమీద నిలువలేదు. పూజ ముగియుచుండగా ప్రోలమ తోరము అందించెను. అతడు దానిని చేతికి కట్టుకొనక అటు ఇటు త్రిప్పి చూచెను.

"గుర్రం కోసం చేసే నోమేగదే ప్రోలీ! తోరం దానికే కడితే సరిపోదూ? నా చేతికి కట్టుకుంటే రోజూ తోక దగ్గరే కూర్చోవాలి" అనెను.

"తోకకు తోరమేమిటి మామా, వింటే నవ్వుతారు" అని ప్రోలమ అనెను గాని, అడ్డుపడలేదు. బొల్లన జారిపోకుండునట్లు తోరమును గోరంట తోకమొదట మూడుచుట్లు చుట్టి, గట్టిగా బిగించి ముడివేసెను. తన తెలివికి తానే మురిసిపోయి వేటకు వెళ్లెను. సాహిణియే అట్లు చేసెనని విని తక్కిన గుర్రపువాండ్రును తమ గుర్రముల తోకలకు తోరములు కట్టిరి. అందరికిని చేతులు ఖాళీ అయ్యెను, పుణ్యమును దక్కెనని సంతోషించిరి.

ఆ యేడు వానలు విడువక కురిసెను. తోరము తడిసి బిగుసుకొనెను. దానిక్రింద చెమటయు మట్టియు చేరి దురద పుట్టెను. గోరంట స్తంభమునకు వెనుకభాగము రాసుకొన నారంభించెను. మొదట నాలుగు వెంట్రుకలు రాలెను, తరువాత గుప్పెడు, పిమ్మట కుచ్చులు కుచ్చులుగా రాలెను. ప్రోలమ ప్రతిదినమును ఆ స్తంభము దగ్గర వెంట్రుకలు ఏరి కొంగున మూటకట్టుకొనెను. కడుగుదమన్న తన చేతికి తోరము లేదు. విప్పుదమన్న నలుబది దినములు నిండలేదు. దేవుని దారము తెంపితే చూలు గుర్రమునకు ఏమి కీడు మూడునో యని ఆమె భయపడెను. కుశధన్వా, ఆమెకు భక్తి తక్కువ కాలేదు, ఎక్కువయ్యెను. ఆ గుర్రమును అంతగా బాధపెట్టినది ఆ భయమే.

విజయదశమి రెండుదినములున్నదనగా బొల్లన వేటనుండి వచ్చి చూచెను. గోరంట తోక ఒలిచిన చెరకుగడవలె నుండెను. దశమినాడు సాలలోని గుర్రములన్నియు దొరయెదుట నడువవలెను. అతడు తన తప్పు ఒప్పుకొనుటకు బదులు భార్య పెట్టె తెరచి, ఆమె పెండ్లినాటి సవరమును తీసి, గోరంట తోకకు అతికి, పైన పట్టుగుడ్డ చుట్టెను. ప్రోలమ ఏడ్చినను వినలేదు.

దశమినాడు గోరంట దొరయెదుటికి వచ్చుసరికి ఈగలు ముసిరెను. అది తోక ఒక్కసారి విదిలించెను. సవరము ఊడి, జడగంటలతో సహా దొరగారి పాదములచెంత పడెను.

"ఏమోయ్ బొల్లనా, నీ గుర్రం జడ వేసుకుంటుందని మాకు చెప్పలేదే!" అని దొర అనెను. దుర్గమంతయు విరగబడి నవ్వెను. నవ్వు ఆగిన పిమ్మట దొరకు కోపము వచ్చెను. దశమి ఊరేగింపున మోడుతోక గుర్రము ఎదురగుట రాజ్యమునకు అరిష్టమని పురోహితులు చెప్పిరి. బొల్లన చేతి సాహిణి కొరడాను అక్కడనే లాగుకొనిరి. ఆలుమగలను, గుర్రమును కోటవెలుపల పేడదిబ్బల దగ్గరి పాడుకొట్టమునకు తరిమిరి. తమ గుర్రముల తోకలును పలుచనగుచున్నవని తెలిసిన గుర్రపువాండ్రు మాత్రము నోరు మెదపలేదు.

మరునాడే గోరంట ఈనెను. ఆడుపిల్ల. నుదుట చిన్న తెల్లచుక్క, వణకుచున్న పొడుగుకాళ్లు. పేడదిబ్బల ఈగలన్నియు దాని పచ్చిబొడ్డుమీద వ్రాలెను. తల్లి తోలవలెనని తోక ఆడించెను. అక్కడ తోకలో తోలుటకు ఏమియు లేదు. మోడు ఇటు కదలెను, అటు కదలెను, ఈగలు లేవలేదు. బొల్లన గోడవైపు తిరిగి పండుకొనెను. ప్రోలమ కొంగుతో విసరి విసరి చేతులు పడిపోవునంతవరకు విసరెను. ఆమె కన్ను మూసిన క్షణములో ఈగలు మరల వ్రాలుచుండెను.

మూడవనాటి ఉదయమున జల్లెడలు అల్లు ముసలివాడొకడు ఆ దారిన వచ్చి, అల్లికకు గుర్రపు తోకవెంట్రుకలున్నవా యని అడిగెను. ప్రోలమ కొంగుమూట విప్పి ఇచ్చెను. అతడు వెంట్రుకల మొదళ్లు చూచి, గోరంట దగ్గరకు పోయి తోకయెత్తి చూచెను. తోరము కండలో దిగబడి యుండెను.

"ఇది ఎవరు కట్టారమ్మా?"

"మా ఆయన. వ్రతం తోరం తాతా. ముట్టుకోకు."

"తోరం కట్టేది చెయ్యి మరచిపోకుండా ఉండటానికి తల్లీ. తోకకు ఏం గుర్తుండాలి? తెంపేసి కడుగు. పుండుకు వేపకషాయం పోసి పైన కానుగనూనె రాయి. లోపల పురుగున్నది, అందుకే ఇంత దురద. వాయువిడంగాలు పొడిచేసి బెల్లంలో పెట్టు. గరుకు స్తంభానికి గడ్డి చుట్టు. ఈ పేడ దగ్గరనుంచి దూరంగా కట్టేయి."

"ఇంక రెండు రోజులే ఉంది తాతా. నలభై నిండనీ" అని ప్రోలమ చేతులు జోడించెను.

"ఈగలకు ఆ లెక్క తెలియదమ్మా" అని ముసలివాడు మూట చంకన పెట్టుకొని వెళ్లిపోయెను.

ప్రోలమ ఆ దినమంతయు తోరమువంక చూచుచు కూర్చుండెను. రెండుసార్లు కత్తిపీట తెచ్చెను, రెండుసార్లు తిరిగి పెట్టివచ్చెను. మరునాటికి పిల్ల బొడ్డున పురుగుపట్టి లేవలేకపోయెను. మిట్టమధ్యాహ్నమున తల్లి పొదుగువైపు మెడ చాచి, అట్లే ప్రాణము విడిచెను. వ్రతము నిండుటకు ఒక్కదినము మిగిలియుండెను.

అప్పుడు ప్రోలమ ఎవరిని అడుగక కత్తిపీటతో తోరము తెంపెను. తొమ్మిది ముడులతో తొమ్మిది వెంట్రుకలైనను రాలేదు, రక్తము మాత్రము వచ్చెను. బొల్లన నొప్పికి గోరంట పెట్టిన కేకకు లేచి వచ్చి, పిల్లను చూచి, తన చేతులతోనే గొయ్యి త్రవ్వెను. మట్టి కప్పిన పిమ్మట కుడిచేయి చాచి, "నాకు కట్టు ప్రోలీ" అనెను. ఆమె తన చేతికొకటి, అతని చేతికొకటి కట్టెను. తిథివార నక్షత్రములు ఎవరును చూడలేదు. గోరంటను దిబ్బలకు దూరముగా గాలివాటున కట్టి, ముసలివాడు చెప్పినదంతయు నలుబది దినములు తప్పక చేసిరి. నలుబదవనాటికి తోకమీద పసిబిడ్డ తలవంటి నూగు కనబడెను. దానిని చూచి ప్రోలమ సంతోషింపక వెక్కివెక్కి ఏడ్చెను.

అంతలో దొరసాలలో తోరములు కట్టిన గుర్రములన్నియు మోడులయ్యెను. దొర మంత్రములు వేయించెను, శాంతులు చేయించెను, ఇద్దరు గుర్రపువాండ్రను కొట్టించెను. వెంట్రుక మొలవలేదు. కడకు గోరంట తోక సంగతి విని ఆలుమగలను పిలిపించెను. ప్రోలమ సాలలోనికి వచ్చి, పూజ చేయకముందే తోకలకున్న తోరములన్నియు తెంపించి, వానిని గుర్రపువాండ్ర చేతులకు కట్టించెను. దొర చేతికిని ఒకటి కట్టెను. దొర సిగ్గుపడి దినమునకొక గుర్రము తోక కడిగెను. మరుసటి భాద్రపదమునకు గుర్రములకు తోకలు మడమలదాక పెరిగెను. బొల్లనకు కొరడా తిరిగి వచ్చెను, ఇల్లు వచ్చెను, ధాన్యము వచ్చెను. గోరంట తోక తిరిగి గుబురుగా వచ్చెను గాని, తోరము దిగబడినచోట వ్రేలెడు మేర తెల్లని మచ్చ నిలిచిపోయెను. గోరంట మరల చూలు కట్టలేదు. జల్లెడల ముసలివాడే రేవంతుడని కొందరనిరి, కాడనిరి కొందరు. ప్రోలమ అతని కొరకు వెదకించెను, అతడు కనబడలేదు.

కావున కుశధన్వా, గుర్రమును పెంచువారును, బండి కట్టువారును, నోరులేని జీవముమీద బ్రతుకు నడుపువారందరును ఈ వ్రతము చేయవలెను. చేసినవారికి సాల నిండును, తెగులు తొలగును, పోయిన కొలువు తిరిగివచ్చును, ఇంట ఆకలి యుండదు. తోరము చేతికి కట్టుకొని చేయి కదపనివారికి ఫలము లేదు. ప్రాణముమీదికి వచ్చినప్పుడు దినములు నిండలేదని చూచువారికి అసలే లేదు, అని హరితాశ్వుడు పలికెను.

ఉలవగుగ్గిళ్లు తొమ్మిది ముద్దలు చేయుడు. ఎనిమిది దేవునికి చూపి, కొన్ని గుర్రమునకు పెట్టి, మిగిలినవి ప్రసాదముగా తీసుకొనుడు. తొమ్మిదవది గడప వెలుపల పెట్టుడు. అది పేరు పెట్టకముందే పోయిన పిల్లది. ఆ ముద్దయెదుట ఎవరును ఏ వరమును కోరరాదు. ప్రోలమ కోరలేదు. ఇక అక్షతలు చల్లి, లేచి, ముందు సాలలోనికి పోయి చూచి రండు.